విజయవాడ నుంచి ఒక ప్రశ్న: కాలువల పటం, లోగో ఎస్‌వీజీగా బ్రౌజర్‌లో సరిగా కనిపించడం లేదు

ప్రశ్న
రాసినవారు: గవర్నరుపేట డిజైనర్

అందరికీ నమస్కారం. నేను విజయవాడ గవర్నరుపేటలో ముద్రణకు సంబంధించిన డిజైన్ పని చేస్తాను. శుభలేఖలు, పుస్తకాల అట్టలు, కరపత్రాలు నాకు అలవాటైన పని. వెబ్‌సైట్ కోసం బొమ్మలు సిద్ధం చేయడం మాత్రం కొత్త. కృష్ణా డెల్టా రైతుల కోసం ఒక చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నవారు ప్రకాశం బ్యారేజీ నుంచి బయలుదేరే కాలువల పటాన్నీ తమ లోగోనూ గీసి ఇవ్వమని అడిగారు. పటంలో ఎడమ గట్టు వైపు ఏలూరు, బందరు, రైవస్ కాలువలు, కుడి గట్టు వైపు పశ్చిమ ప్రధాన కాలువ, దుగ్గిరాల దగ్గర దాని నుంచి చీలే కొమ్మమూరు కాలువ ఉన్నాయి. ఏ కాలువ మీద వేలు పెడితే ఆ కాలువ వివరాలు పక్కన తెరుచుకోవాలని వారి కోరిక. ఎంత పెద్దది చేసి చూసినా గీత మసకబారకూడదు గనుక రెండింటినీ కోరల్‌డ్రా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీసి, ఎస్‌వీజీగా, అంటే చుక్కలుగా కాక గీతల లెక్కలుగా నిల్వ ఉండే వెక్టర్ బొమ్మగా ఎగుమతి చేశాను.

నా కంప్యూటరులో ఫైలు మీద రెండుసార్లు నొక్కితే క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ రెండూ చక్కగా తెరుచుకుంటున్నాయి. సర్వర్‌కు ఎక్కించిన తరువాత పరిస్థితి వేరుగా ఉంది. లోగోను ఇమేజ్ ట్యాగ్‌తో (విడి బొమ్మ ఫైలును పేజీలో చూపే ఆదేశంతో) పెడితే బొమ్మకు బదులు విరిగిన బొమ్మ గుర్తు వస్తోంది. పటం కోడును పేజీలోనే నేరుగా అతికించాను. అది కనిపిస్తోంది గానీ, ఫోన్‌లో చూస్తే ఎడమ వైపు పై భాగం మాత్రమే కనిపించి మిగిలినదంతా కత్తిరించినట్టు పోతోంది. లోగో కనిపించడం లేదు కదా అని దాన్ని కూడా పటంలాగే పేజీ అడుగున కోడుగా అతికించి చూశాను. లోగో వచ్చింది, కానీ అప్పటివరకు నీలంగా ఉన్న కాలువలు లోగోలోని ఆకుపచ్చ రంగులోకి మారిపోయాయి. వీటన్నింటికన్నా నన్ను బాధిస్తున్నది పేర్ల సంగతి. నా కంప్యూటరులో స్పష్టమైన తెలుగులో కనిపించే ఊళ్ల పేర్లు, కాలువల పేర్లు ఫోన్‌లో అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగానూ విరామ చిహ్నాలుగానూ కనిపిస్తున్నాయి.

ఉపయోగపడవచ్చునని మరికొన్ని వివరాలు రాస్తున్నాను. పేర్లకు వాడినది యూనికోడ్‌కు (ప్రతి భాష అక్షరాలకూ సొంత సంకేతాలు ఇచ్చే ప్రమాణానికి) ముందు కాలపు డీటీపీ ఫాంటు. ఎగుమతి చేసేటప్పుడు ఫాంటును ఫైలులోనే పొదిగే ఎంపికను తీసుకున్నాను. పటం కొలతలు పిక్సెళ్లలోనే, 1200 వెడల్పు, 900 ఎత్తు. ఫైలు బరువు తగ్గించే ఒక ఆన్‌లైన్ సాధనంలో పటాన్ని నడిపిన తరువాతే కోడును పేజీలో పెట్టాను. ఇన్ని తిప్పలు ఎందుకు, పిక్సెళ్ల బొమ్మ అయిన పీఎన్‌జీగా ఇచ్చేయమని కొందరు చెబుతున్నారు. వేలు పెట్టిన కాలువ స్పందించాలన్నా, రైతు తన ఊరిని పెద్దది చేసి చూసుకోవాలన్నా వెక్టర్ బొమ్మే సరైనదని నా నమ్మకం. దారి చూపగలరని ఆశిస్తున్నాను.


జవాబు
రాసినవారు: అరండల్‌పేట వెబ్, గుంటూరు

నమస్కారమండి. మీరు రాసిన లక్షణాలు ఒక్క జబ్బువి కావు. వేర్వేరు కారణాలు ఒకే పేజీలో కలిశాయి. తెలుగు పేర్ల సంగతి నాకన్నా బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు గనుక దాన్ని వారికి వదిలి, మిగతా మూడింటి గురించి రాస్తాను. ట్యాగులు, ఆదేశాల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. ఫైలులో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

మొదట లోగో. మీ కంప్యూటరులో తెరుచుకున్న ఫైలు సర్వర్ నుంచి వచ్చేసరికి ఎందుకు తెరుచుకోదన్న ప్రశ్నలోనే జవాబు ఉంది. మీ డిస్కు మీది ఫైలును తెరిచేటప్పుడు బ్రౌజర్ దాని పేరు చివర ఉన్న ఎస్‌వీజీ అనే పొడిగింపును చూసి అది బొమ్మ అని తెలుసుకుంటుంది. సర్వర్ నుంచి వచ్చే ఫైలు విషయంలో ఆ పొడిగింపుకు విలువ లేదు. ఫైలుతో పాటు సర్వర్ పంపే కంటెంట్ టైప్ అనే శీర్షికలో ఏముంటే దాన్నే బ్రౌజర్ నమ్ముతుంది. అక్కడ ఇమేజ్/ఎస్‌వీజీ+ఎక్స్‌ఎంఎల్ అని ఉండాలి. పీఎన్‌జీ, జేపెగ్ వంటి వాటిలో మొదటి కొన్ని బైట్లలోనే గుర్తింపు ముద్ర ఉంటుంది గనుక సర్వర్ తప్పు చెప్పినా బ్రౌజర్ వాటిని పసిగట్టి చూపిస్తుంది. ఎస్‌వీజీ అనేది మామూలు పాఠ్యంగా రాసిన ఎక్స్‌ఎంఎల్, అంటే ట్యాగులతో కూడిన కోడు. దానికి అటువంటి ముద్ర లేదు. సర్వర్ దాన్ని వట్టి పాఠ్యమనో, తెలియని బైట్ల మూట అనో పంపితే ఇమేజ్ ట్యాగ్‌లో అది బొమ్మగా చెల్లదు.

మీ సర్వర్ ఏమంటోందో తెలుసుకోవడం తేలిక. లోగో ఫైలు చిరునామాను బ్రౌజర్ చిరునామా పట్టీలో నేరుగా ఇచ్చి చూడండి. బొమ్మకు బదులు కోడు కనిపిస్తే సర్వర్ దాన్ని పాఠ్యంగా పంపుతోందన్నమాట. డౌన్‌లోడ్ మొదలైతే దాని రకమేమిటో సర్వర్‌కు తెలియదన్నమాట. కొమ్మలు కొమ్మలుగా ఎక్స్‌ఎంఎల్ చెట్టు కనిపిస్తే మాత్రం సర్వర్ తప్పు లేదు. ఫైలు మొదట్లోని ఎస్‌వీజీ ట్యాగ్‌లో నేమ్‌స్పేస్ ప్రకటన (ఈ ట్యాగులు ఎస్‌వీజీవని తెలిపే మాట) పోయిందని అర్థం. పేజీలో అతికించిన కోడుకు ఆ ప్రకటన లేకపోయినా నడుస్తుంది గానీ విడి ఫైలుకు అది ఉండి తీరాలి. అసలు పేజీయే దొరకలేదని వస్తే పేరులోని అక్షరాలను చూడండి. విండోస్‌లో పెద్దక్షరాల లోగో, చిన్నక్షరాల లోగో ఒకటే. లైనక్స్ సర్వర్‌లో అవి రెండు వేర్వేరు ఫైళ్లు.

సర్వర్ రకం అపాచీ అయితే, మీ వెబ్‌సైట్ మూల ఫోల్డరులోని హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగుల ఫైలులో ఒక వరుస చేర్చితే సరిపోతుంది: యాడ్‌టైప్ అని రాసి, ఖాళీ వదిలి, పైన చెప్పిన రకం పేరు, మళ్లీ ఖాళీ వదిలి, చుక్కతో ఎస్‌వీజీ. ఎంజినెక్స్ అయితే దాని రకాల పట్టికలో ఇది ఇప్పటికే ఉంటుంది. ఆ పట్టికను సెట్టింగులలోకి తెచ్చుకున్నారో లేదో చూసుకోవాలి. మార్చిన తరువాత పాత జవాబు కాష్‌లో (బ్రౌజర్ దించుకున్నవాటిని దాచుకునే చోట) కూర్చుని మిమ్మల్ని తప్పుదారి పట్టించకుండా కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి. ఎస్‌వీజీ 1.0 ప్రమాణం వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ నుంచి 2001లోనే వెలువడింది. ఫైర్‌ఫాక్స్ 2005లో 1.5 వెర్షన్‌తో దాన్ని సొంతంగా చూపడం మొదలుపెట్టింది గానీ, ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఆ శక్తి 2011లో 9వ వెర్షన్‌తో గాని రాలేదు. ఆ మధ్య కాలంలో ఏర్పాటు చేసి, అప్పటి నుంచి ఎవరూ తిరిగి చూడని సర్వర్ సెట్టింగులు ఇంకా చాలా చోట్ల నడుస్తున్నాయి. ఈ రకం పేరు లేని పట్టికలు వాటిలో కనిపిస్తుంటాయి.

ఇక పటం కత్తిరించుకుపోవడం. ఇక్కడ నా అనుమానం మీరు వాడిన బరువు తగ్గించే సాధనం మీద. ఎస్‌వీజీ ట్యాగ్‌లో వెడల్పు, ఎత్తు అనేవి తెర మీద ఆ బొమ్మకు ఎంత చోటు కావాలో చెబుతాయి. వ్యూబాక్స్ అనే నాలుగు అంకెల లక్షణం బొమ్మలోని ఏ ప్రాంతాన్ని ఆ చోటులో సరిపడేలా అమర్చాలో చెబుతుంది. మీ పటానికి అది 0 0 1200 900 అని ఉండాలి. వ్యూబాక్స్ లేకపోతే చోటు తగ్గినా బొమ్మ తగ్గదు. ఫోన్ తెర మీద చోటు 360 పిక్సెళ్లే అయినప్పుడు 1200 వెడల్పున్న బొమ్మలో మొదటి 360 మాత్రమే కనిపించి మిగిలినది బయటకు పోతుంది. కొలతలు లెక్కించేది ఎడమ పై మూల నుంచి గనుక మీకు ఆ మూలే కనిపిస్తోంది. వెడల్పు ఎత్తులు, వ్యూబాక్స్ అంకెలు ఒకటే అయినప్పుడు రెండోది అదనమని భావించి తీసివేయడం ఇటువంటి సాధనాల్లో చాలా కాలం అలవాటుగా సాగింది. వెబ్ పేజీలో అది అదనం కాదు, అదే ప్రాణం. ఆ సాధనంలో వ్యూబాక్స్‌ను తొలగించే ఎంపికను ఆపివేసి, అసలు ఫైలును మళ్లీ నడపండి. లేదా చేత్తోనే చేర్చండి. బాక్స్ అన్న మాటలో బీ పెద్దక్షరంగానే ఉండాలి. పేజీలో అతికించిన కోడులో చిన్నక్షరం రాసినా బ్రౌజర్ సర్దుకుంటుంది గానీ, విడి ఫైలులో సర్దుకోదు. తరువాత పేజీ రూపాన్ని నిర్దేశించే స్టైల్ షీట్‌లో ఆ పటానికి వెడల్పు 100 శాతం, ఎత్తు ఆటో అని ఇస్తే ఏ తెరకు ఆ తెరగా నిష్పత్తి చెడకుండా ఒదుగుతుంది.

రంగులు మారడానికి కారణం స్టైళ్ల పేర్లు. మీ పటం కోడు మొదట్లో ఒక స్టైల్ భాగం, అందులో ఫిల్0, ఫిల్1, ఎస్‌టీఆర్0 వంటి క్లాసు పేర్లు (ఒకే రంగు, గీత వాడే భాగాలకు పెట్టే పేర్లు) ఉంటాయి. లోగో కోడును తెరిస్తే అందులోనూ అవే పేర్లు, వేరే రంగులతో ఉంటాయి. విడి ఫైళ్లుగా ఉన్నంతవరకు ఎవరి ఇల్లు వారిది. రెండింటినీ ఒకే పేజీలో అతికించినప్పుడు ఎస్‌వీజీ లోపల రాసిన స్టైల్ కూడా పేజీ మొత్తానికి వర్తిస్తుంది, అవే పేర్లు రెండుసార్లు వస్తే తరువాత వచ్చినదే నెగ్గుతుంది. లోగో పేజీ అడుగున ఉంది గనుక దాని ఆకుపచ్చ మీ కాలువలకు పట్టింది. పటంలోని క్లాసు పేర్లన్నింటికీ ముందు పటం అనీ, లోగోలోని వాటికి లోగో అనీ చేర్చి వేరు చేయండి. గ్రేడియంట్లకూ (క్రమంగా మారే రంగులకూ) క్లిప్‌లకూ (కత్తిరింపు హద్దులకూ) గుర్తింపుగా ఉండే ఐడీలకు కూడా ఇదే వర్తిస్తుంది. అక్కడ రెండు ఒకే పేరుతో ఉంటే పేజీలో మొదట వచ్చినదాన్నే బ్రౌజర్ తీసుకుంటుంది. సర్వర్ సంగతి సరిచేశాక లోగోను తిరిగి ఇమేజ్ ట్యాగ్‌లోకి పంపడమే మేలని నా అభిప్రాయం. దానిలో తాకవలసినది ఏదీ లేదు, పైగా విడి ఫైలుగా ఉంటే ప్రతి పేజీకీ మళ్లీ దించుకోనవసరం లేకుండా కాష్‌లో నిలుస్తుంది. పటం మాత్రం పేజీలోనే ఉండాలి. ఇమేజ్ ట్యాగ్‌లో పెట్టిన బొమ్మ లోపలి భాగాలు తాకిడికి స్పందించవు.


జవాబు
రాసినవారు: పటమట డీటీపీ

పై మిత్రులు చెప్పినవి సరైనవే. పేర్ల గురించి నా అనుభవం చెబుతాను. విజయవాడలో పుస్తకాల పని చేసినవారందరి చేతిలోనూ అను లిపులు, వాటి వంటి ఫాంట్లే ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో తెలుగు అక్షరాల భాగాలన్నీ ఇంగ్లీషు అక్షరాలకూ చిహ్నాలకూ కేటాయించిన సంకేతాల స్థానంలో కూర్చుంటాయి. తలకట్టు ఒక సంకేతం, ఒత్తు ఒక సంకేతం, కొమ్ము ఒక సంకేతం. కంప్యూటరు దృష్టిలో మీ పటంలో ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో ఆ సంకేతాలు తెలుగు ఆకారాలుగా కనిపిస్తాయి. లేని ఫోన్‌లో అవి తమ అసలు రూపంలో, అంటే ఇంగ్లీషు అక్షరాలుగా బయటపడతాయి.

ఫాంటును ఫైలులో పొదిగాను కదా అని మీకు సందేహం రావచ్చు. ఎగుమతిలోని ఆ ఎంపిక సాధారణంగా ఎస్‌వీజీ ఫాంటు అనే పాత పద్ధతిలో పొదుగుతుంది. ఆ పద్ధతిని ఫైర్‌ఫాక్స్ ఎన్నడూ చేర్చుకోలేదు, క్రోమ్ 2014లో తొలగించింది. కనుక ఆ పొదుగుడు ఫైలు బరువును పెంచుతుందే తప్ప ఆ బ్రౌజర్లలో అక్షరాన్ని చూపదు.

నా సలహా ఒక్కటే: పేర్లన్నింటినీ ఎంచుకుని కంట్రోల్, క్యూ నొక్కి కర్వులుగా మార్చండి. ఇంక్‌స్కేప్‌లో అయితే ఆబ్జెక్ట్ టు పాత్. ప్రెస్సుకు ఫైలు పంపేటప్పుడు మనం ఎప్పుడూ చేసేది ఇదే. అక్షరం గీతగా మారిన తరువాత ఏ ఫోన్‌లో ఏ ఫాంటు ఉన్నా లేకపోయినా మీరు గీసిన రూపమే కనిపిస్తుంది. ఒత్తు జరగదు, గుడి విరగదు.

మరొక మాట. మీ ఫైలు రంగులు ముద్రణకు వాడే సీఎమ్‌వైకేలో ఉంటే ఎగుమతికి ముందే తెరకు వాడే ఆర్‌జీబీకి మార్చి, తెర మీద కళ్లతో చూసి సరిచేసుకోండి. బ్రౌజర్ చూపేది ఆర్‌జీబీయే. మార్పిడిని సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే కాలువల నీలం వెలిసిపోయినట్టు వచ్చే ప్రమాదం ఉంది.


జవాబు
రాసినవారు: బ్రాడీపేట యూనికోడ్, గుంటూరు

లోగో విషయంలో పటమట వారి సలహాను నేను పూర్తిగా సమర్థిస్తాను. పటం విషయంలో మాత్రం దయచేసి కర్వులు చేయవద్దని గట్టిగా కోరుతున్నాను, ఎందుకో వివరిస్తాను.

ప్రెస్సుకు వెళ్లే ఫైలుకు ఒకే గమ్యం ఉంది: కాగితం. వెబ్ పేజీలోని పటాన్ని మనిషి కళ్లతో పాటు ఇంకా చాలామంది చదువుతారు. పేజీలో దుగ్గిరాల అని వెతికితే పటంలోని పేరు దొరకాలి. రైతు కుటుంబంలో చూపు లేని కొడుకో కూతురో తెర చదివే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఉంటే దానికి కొమ్మమూరు కాలువ అనే మాట వినిపించాలి. వెతుకులాట యంత్రాలకు ఆ పేజీ దేని గురించో తెలియాలి. రేపు ఒక ఊరి పేరులో దీర్ఘం తప్పు పడిందని ఎవరైనా చెబితే ఒక్క అక్షరం మార్చి సరిచేయగలగాలి. కర్వులుగా మారిన పేరు ఈ పనుల్లో దేనికీ పనికిరాదు. అది పేరు ఆకారంలో ఉన్న గీత మాత్రమే. పైగా తెలుగు అక్షరాలు గుండ్రనివి, వంపులు ఎక్కువ. ఒక్కొక్క అక్షరం కొన్ని డజన్ల అంకెలుగా మారితే, పేర్లు ఎక్కువగా ఉన్న పటంలో ఫైలు బరువులో పెద్ద భాగం ఆ గీతలదే అవుతుంది. చిన్న సైజులో, తక్కువ రిజల్యూషన్ తెర మీద కర్వులు మందంగా అలుక్కుపోయినట్టు కనిపించడం కూడా ఉంది.

కాబట్టి పటంలోని పేర్లను యూనికోడ్‌లో తిరిగి టైపు చేయండి. పాత ఫాంటు సంకేతాలను యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి, పుస్తకమంత పాఠ్యానికి అవి తప్పవు. ఒక పటంలోని పేర్లకు మాత్రం చేత్తో టైపు చేయడమే త్వరగా అవుతుంది, ఒత్తుల దగ్గర మార్పిడి దోషాలూ ఉండవు. యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు 128 స్థానాలు కేటాయించారు. అందులో ఒత్తులకు వేరే స్థానాలు లేవు. కృష్ణా అనే మాట క, ఋత్వం, ష, పొల్లు, ణ, ఆత్వం అనే ఆరు సంకేతాలుగా నిల్వ అవుతుంది. ష కింద ణ ఒత్తును కూర్చే పని చూపే సమయంలో బ్రౌజర్‌లోని అక్షర కూర్పు యంత్రాంగం, ఫాంటులోని పట్టికలు కలిసి చేస్తాయి. ఈ తేడా తెలిస్తే తరువాత వచ్చే చిక్కులకు కారణాలు వాటంతటవే తెలుస్తాయి.

ఆ చిక్కుల్లో మొదటిది ముక్కలు కావడం. గీసే సాఫ్ట్‌వేర్‌లో అక్షరాల మధ్య ఎడం సర్దినప్పుడు, ఎగుమతిలో పేరు మొత్తం ఒకే టెక్స్ట్ భాగంగా రాకుండా రెండు మూడు ముక్కలుగా, ఒక్కో ముక్కకు ఒక్కో స్థానంతో రావచ్చు. ముక్క ఒక గుడి దగ్గరో ఒత్తు దగ్గరో తెగితే, ఆధారం లేని ఆ గుర్తు కింద బ్రౌజర్ చుక్కల వలయాన్ని చూపుతుంది. మీ పటంలో ఎక్కడైనా చుక్కల వలయం కనిపిస్తే ఫాంటును అనుమానించే ముందు కోడును తెరిచి చూసి, ముక్కలను కలిపి ఒకే భాగంగా రాయండి. తెలుగులో అక్షరాల మధ్య ఎడం సర్దకుండా ఉండడమే క్షేమం.

రెండోది పేరును కాలువ వంపు వెంట నడిపించాలన్న ఆశ. అక్షరాలను గీత వెంట నడిపే టెక్స్ట్‌పాత్ ట్యాగ్‌తో అది సాధ్యమే, ఇంగ్లీషు పటాల్లో అందంగానూ ఉంటుంది. తెలుగులో అక్షరం కిందికి ఒత్తులు, పైకి గుడులు ఉంటాయి గనుక వంపు కాస్త బిగిస్తే కింది ఒత్తులు ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. పేరును వంపు లేని తిన్నని గీత మీదే రాసి, ఆ గీతనే కాలువ వాలుకు తగినట్టు తిప్పితే చదవడానికి హాయిగా ఉంటుంది. కాలువ గీతకూ పేరుకూ మధ్య ఒత్తు పట్టేంత చోటు వదలడం మరచిపోవద్దు.

ఫాంటు ఎంపికకు వస్తే మండలి, రామభద్ర, నోటో శాన్స్ తెలుగు వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. పటంలోని చిన్న పేర్లకు మండలి గానీ నోటో గానీ నాకు నచ్చుతుంది. రామభద్ర బొద్దుగా ఉంటుంది, శీర్షికకు బాగుంటుంది. పటం పేజీలోనే అతికించి ఉంది గనుక, పేజీ స్టైల్ షీట్‌లో వెబ్‌ఫాంటుగా (పేజీతో పాటు దిగే ఫాంటుగా) ప్రకటించిన ఫాంటు పటంలోని పేర్లకూ వర్తిస్తుంది. ఎస్‌వీజీ ట్యాగ్‌కు భాష తెలుగు అని తెలిపే లాంగ్ లక్షణాన్ని చేర్చండి, టైటిల్ అనే భాగంలో పటం పేరు రాయండి. ఒక్కో కాలువ గీతనూ దాని పేరునూ ఒకే గుంపులో పెట్టి, ఆ గుంపుకు కూడా ఒక టైటిల్ ఇవ్వండి. వేలు పెట్టిన కాలువ వివరాలు తెరిచే పనికి ఆ గుంపే ఆధారమవుతుంది.


వ్యాఖ్య
రాసినవారు: పటమట డీటీపీ

బ్రాడీపేట వారి వాదన న్యాయమైనదే, పటానికి యూనికోడ్ అన్న మాటను ఒప్పుకుంటున్నాను. ఒక్క విషయం చేర్చాలి. డీటీపీ ఫాంట్లలో కొన్ని అక్షర రూపాలు ఎంతో శ్రద్ధగా గీసినవి. శీర్షికల కోసం, శుభలేఖల కోసం మన కళ్లకు అలవాటైన ఆ వంపులకు యూనికోడ్‌లో సరిసమానమైనవి అన్నింటికీ దొరకవు. లోగోలో ఆ రూపమే కావాలనుకుంటే కర్వులే దారి. అలా చేసేటప్పుడు కర్వులకు ముందు ఫైలును వేరే పేరుతో దాచుకోండి. లేకపోతే ఆర్నెల్ల తరువాత నినాదంలో ఒక మాట మార్చమంటే అంతా మొదటి నుంచి గీయవలసి వస్తుంది. కర్వులు చేసిన లోగోకు ఇమేజ్ ట్యాగ్‌లో ప్రత్యామ్నాయ పాఠ్యం రాస్తే తెర చదివేవారికీ లోటు ఉండదు.


ప్రశ్నకర్త
రాసినవారు: గవర్నరుపేట డిజైనర్

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. లోగో చిరునామాను నేరుగా ఇచ్చి చూస్తే డౌన్‌లోడ్ మొదలైంది. హెచ్‌టీయాక్సెస్‌లో వరుస చేర్చిన తరువాత ఇమేజ్ ట్యాగ్‌లో లోగో వచ్చింది, పేజీ అడుగున అతికించిన కోడును తీసేశాను, కాలువలు తిరిగి నీలంగా ఉన్నాయి. వ్యూబాక్స్ చేర్చగానే పటం ఫోన్‌లో పూర్తిగా ఒదిగింది. పేర్లను మండలిలో తిరిగి టైపు చేశాను, ఫోన్‌లో ఒత్తులతో సహా చక్కగా కనిపిస్తున్నాయి.

ఒక్క చిక్కు మిగిలింది. లోగోలోని సంస్థ పేరును కర్వులుగా మార్చాను. దాని కింద ఉన్న చిన్న నినాదాన్ని మాత్రం, తరచు మారుతుందని వారు చెప్పినందువల్ల, యూనికోడ్‌లోనే ఉంచి రామభద్ర ఇచ్చాను. పేజీలో రామభద్రను వెబ్‌ఫాంటుగా ప్రకటించాను, పేజీ శీర్షికల్లో అది వస్తోంది. లోగోలోని నినాదం మాత్రం ఫోన్‌లో వేరే మామూలు ఫాంటులో కనిపిస్తోంది. తెలుగే, చదవడానికి ఇబ్బంది లేదు, కానీ పొడవు మారి లోగో గీతను దాటి బయటకు వస్తోంది.


జవాబు
రాసినవారు: అరండల్‌పేట వెబ్, గుంటూరు

ఇమేజ్ ట్యాగ్‌లో పెట్టిన ఎస్‌వీజీ తలుపులు వేసుకున్న గది వంటిది. భద్రత కోసం బ్రౌజర్లు దానిలో స్క్రిప్టును నడపనివ్వవు, బయటి నుంచి ఏ ఫైలునూ తెచ్చుకోనివ్వవు. పేజీలో ప్రకటించిన ఫాంటు దానికి కనిపించదు. ఎస్‌వీజీ ఫైలులోనే వెబ్‌ఫాంటు చిరునామా రాసినా దాన్ని దించుకోదు. మీ కంప్యూటరులో రామభద్ర ఇన్‌స్టాల్ అయి ఉంది గనుక మీకు తేడా తెలియలేదు. ఇదే కారణంగా, లోగోలో ఏదైనా ఫొటోను పొదగకుండా లింకుగా పెడితే అదీ కనిపించదు.

దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. నినాదాన్ని లోగో ఫైలు నుంచి తీసేసి, పేజీలో లోగో కింద మామూలు పాఠ్యంగా పెట్టి, రామభద్ర వర్తింపజేయడం ఒకటి. తరచు మారే మాటకు ఇదే సరైన చోటు, నేనైతే ఇదే చేస్తాను. నినాదం లోగోలో భాగంగానే ఉండాలని వారు పట్టుబడితే, ఫాంటు మొత్తాన్ని బేస్64 రూపంలో పాఠ్యంగా మార్చి, ఎస్‌వీజీలోని స్టైల్ భాగంలో ఫాంట్‌ఫేస్ ప్రకటనలో డేటా చిరునామాగా పొదగవచ్చు. లోపలే ఉన్నది గనుక గది తలుపు దానికి అడ్డు కాదు. అయితే బేస్64 వల్ల ఫాంటు బరువు మూడో వంతు పెరుగుతుంది. అంత బరువు మోయకుండా ఆ నినాదానికి కావలసిన అక్షరాలు మాత్రమే ఉండేలా ఫాంటును ముందే కుదించాలి, ఫాంట్‌టూల్స్ అనే, పైథాన్ భాషలో రాసిన ఉపకరణాల సంకలనంతో అది చేయవచ్చు. కుదించేటప్పుడు ఒత్తులను కూర్చే జీసబ్, జీపోస్ పట్టికలు పోకుండా చూసుకోండి. అవి పోతే అక్షరాలన్నీ ఉంటాయి గానీ ఒత్తులు కిందికి దిగకుండా పొల్లుతో పక్కపక్కన నిలబడతాయి. నినాదం మారిన ప్రతిసారీ కొత్త అక్షరాల కోసం కుదింపు మళ్లీ చేయాలని కూడా గుర్తుంచుకోండి.


జవాబు
రాసినవారు: బ్రాడీపేట యూనికోడ్, గుంటూరు

పటం ఇప్పుడు సరిగా కనిపిస్తోంది గనుక అందరికీ చూపే ముందు ఒక పరీక్ష చేయమని కోరుతున్నాను. మీ కంప్యూటరులో అన్ని ఫాంట్లూ ఉన్నాయి కాబట్టి అక్కడ చూసినదాన్ని నమ్మకండి. డిజైన్ పనితో సంబంధం లేని ఇంట్లోవారి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ, దొరికితే ఒక ఐఫోన్‌లోనూ తెరిచి, పేర్లలో కృష్ణా, పశ్చిమ, కొమ్మమూరు అనే మూడింటినీ పెద్దవి చేసి చూడండి. ఋత్వం, రెండు రకాల ఒత్తులు, కొమ్ము దీర్ఘం వీటిలో వచ్చేస్తాయి. ఇవి నిలబడితే మిగతా పేర్లకు భయం లేదు. ఆ తరువాత పేజీలో దుగ్గిరాల అని వెతికి చూడండి, పటంలోని పేరు మీద గుర్తు పడాలి. పడకపోతే ఆ పేరు ఎక్కడో ముక్కలుగా మిగిలి ఉంది.


ప్రశ్నకర్త
రాసినవారు: గవర్నరుపేట డిజైనర్

నినాదాన్ని లోగో నుంచి తీసి పేజీలోకి మార్చాను, వెబ్‌సైట్ వారు కూడా అదే బాగుందన్నారు. ఫోన్లలో మూడు పేర్లూ సరిగా ఉన్నాయి. వెతికితే దుగ్గిరాల దొరికింది, బందరు కాలువ మాత్రం దొరకలేదు. కోడు తెరిచి చూస్తే బందరు ఒక ముక్క, కాలువ ఒక ముక్కగా ఉన్నాయి. వాటిని కలుపుతున్నాను. కాలువల గుంపులకు టైటిళ్లు రాయడం ఇంకా మిగిలి ఉంది, ఆ పని పూర్తయ్యాక తాకిడికి వివరాలు తెరిచే భాగాన్ని వెబ్‌సైట్ వారి ప్రోగ్రామర్‌కు అప్పగిస్తాను.